ఆకలి హార్మోనుల జోడింపు: ఒక పరిశీలన

స్థూలకాయమునకు చికిత్సగా ఆకలిని అదుపుచేయు హార్మోనులను జతపరచి ఇచ్చు పద్ధతి ఇటీవల విశేష ప్రచారము పొందినది. ఒకదానికంటె రెండు మేలనియు, రెండు కలసినచో ఫలము రెట్టింపగుననియు ఒక వాదము కలదు. ఈ వాదములో నిలుచునది ఎంత, నిలువనిది ఎంత అని విచారింతము.

ఒక్క హార్మోను చాలదని తెలుపు ఉదాహరణము మన సమీపముననే కలదు. శరీరపు కొవ్వునుండి పుట్టు లెప్టిన్, నిల్వలు చాలునని మెదడునకు తెలుపు హార్మోను. దీనిని 1994లో అమెరికాలో ఫ్రీడ్‌మన్ బృందము కనుగొన్నది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ జంతుశాలలో 1996లో స్థూలకాయపు ఎలుక సహజముగా పుట్టగా, దానినుండి ఒక ప్రత్యేక వంశమును వృద్ధిచేసిరి. ఈ ఎలుకల రక్తములో లెప్టిన్ మిక్కుటముగా ఉన్నది. అయినను అవి అతిగా తినుట మానవు. వార్త వచ్చుచున్నను మెదడు దానిని చెవిని పెట్టుటలేదు. స్థూలకాయులలో చాలమందికి లెప్టిన్ ఇచ్చినను ప్రయోజనము స్వల్పమగుటకు కారణము ఇట్టిదే.

అందుచే పరిశోధకులు జతలవైపు తిరిగిరి. లెప్టిన్‌ను, క్లోమమున పుట్టు అమైలిన్‌ను పోలిన మందుల జత మనుష్యులపై ప్రయోగదశలోనే 2011లో నిలిచిపోయినది. తరువాత ప్రేగులలో పుట్టు జి.ఎల్.పి.-1, జి.ఐ.పి. ముందునకు వచ్చినవి. సహజమైన జి.ఎల్.పి.-1 రక్తములో కొలది నిమిషములలోనే విచ్ఛిన్నమగును. టిర్జెపటైడ్ వారమునకు ఒక సూది చాలునట్లు నిర్మించిన 39 అమైనో ఆమ్లముల గొలుసు. ఈ ఒక్క అణువే రెండు హార్మోనుల గ్రాహకములపై పనిచేయును. 2022లో ప్రకటించిన ప్రయోగములో, అత్యధిక మోతాదు పొందినవారికి 72 వారములలో సగటున నూటికి 21 వంతుల బరువు తగ్గినది. ఇది గొప్ప ఫలితమే.

కాని ఫలితము వేరు, వివరణ వేరు. టిర్జెపటైడ్ జి.ఐ.పి. గ్రాహకమును ప్రేరేపించును. అదే గ్రాహకమును అడ్డగించుచు, జి.ఎల్.పి.-1 గ్రాహకమును ప్రేరేపించు మారిటైడ్ అను మందు కూడ ప్రయోగములలో బరువు తగ్గించినది. కనుక "రెండు హార్మోనులు కలసి పనిచేసినవి" అను సులభవాక్యముతో తృప్తిపడరాదు.

జతను పరీక్షించు సరియైన మార్గము, రెండు మందులను విడివిడిగాను, కలిపియు, మందు లేని సూదితో పోల్చుట. 2025లో ప్రకటించిన ఒక ప్రయోగము అట్లే జరిగినది. 68 వారములలో జి.ఎల్.పి.-1ను పోలిన సెమాగ్లుటైడ్ వలన నూటికి 14.9, అమైలిన్‌ను పోలిన కాగ్రిలింటైడ్ వలన 11.5, రెండును కలిపినపుడు 20.4, మందు లేని సూదితో 3.0 వంతుల బరువు తగ్గినది. ఈ 3.0ను ప్రతి అంకెనుండి తీసివేయగా మిగులునవి 11.9, 8.5, 17.4. మొదటి రెండింటి మొత్తము 20.4, జత ఇచ్చినది 17.4 మాత్రమే. అనగా జత మేలే కాని, రెట్టింపు కాదు. పూర్తి కూడికయును కాదు. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయించవచ్చును.

మరియొక లోపము. టిర్జెపటైడ్‌ను 36 వారములు వాడి మానినవారు, తరువాతి 52 వారములలో సగటున నూటికి 14 వంతుల బరువు తిరిగి పెరిగిరి. కనుక ఇది కొన్నాళ్ల మందు కాదు, దీర్ఘకాలపు వ్యయము.

ఈ మందు 2025 మార్చిలో భారతదేశమున అమ్మకమునకు వచ్చినది. నల్లగొండ, మహబూబునగరు జిల్లాల దృష్టితో చూచినచో రెండు ప్రశ్నలు మిగులును. 2019 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణ స్త్రీలలో నూటికి సుమారు 30 మంది అధికబరువువారు, 19 మంది మరీ బక్కవారు. ఒకే ఊరిలో జొన్నచేనికి కూలికి పోవు బక్క మనిషియు, అంగడి గల్లామీద కూర్చుండు స్థూలకాయుడును ఉందురు. మొదటిది: ఈ మందులతో తగ్గు బరువులో కొంత కండరమే, సమాన బరువులోనే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ గల మనవారికి ఆ నష్టమెంత? రెండవది: జీవితాంతపు సూది ఖర్చును కూలికుటుంబము ఎట్లు భరించును?

హార్మోనుల జోడింపు నిజమైన ముందడుగు. కాని దానిని మెచ్చుకొనువారు ఈ ప్రశ్నలకు మనవారిపై చేసిన కొలతలతో సమాధానము చెప్పవలెను. అంతవరకు జొన్నరొట్టె, పప్పు, నడక, వైద్యుని సలహా అను పాత సాధనములను విడువరాదు.