మూడు అంకెలు, ఒక ముఖం

1963లో ‘లవకుశ’తో తెలుగు తెర పూర్తి నిడివి రంగుల్లోకి వచ్చింది. అప్పట్నుంచి డిజిటల్ వచ్చేదాకా తెరమీద మనం చూసిన రంగుల్ని చివరిగా దిద్దింది ల్యాబులో కూర్చున్న గ్రేడరే. ఆయన పనంటే నాకు ఎనలేని గౌరవం.

తొలిరోజుల్లో నెగెటివ్ నుంచి ప్రింటు తీసే యంత్రం, అంటే ప్రింటర్, దీపానికి అడ్డంగా జెలటిన్ ఫిల్టర్లు పెట్టి రంగు సరిచేసేవారు. ప్రతి ఫిల్టరూ కొంత వెలుగు మింగేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజరు మళ్లీ చూసుకోవాల్సి వచ్చేది. తర్వాతి ప్రింటర్లు తెల్లటి కాంతిని అద్దాలతో ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా విడగొట్టాయి. ఒక్కో రంగుకు 50 పాయింట్ల దాకా కొలత. 12 పాయింట్లు పెంచితే ఆ కాంతి దాదాపు రెట్టింపవుతుంది. షాటు మారినప్పుడల్లా అంకెలూ మారతాయి.

నెగెటివ్ నుంచి ప్రింటు తీస్తున్నాం కనుక ఇక్కడ లెక్కంతా తిరగేసి ఉంటుంది. వెలుగు పెంచితే ప్రింటు నల్లబడుతుంది. ముఖం మరీ ఎర్రగా వస్తే ఎర్ర కాంతినే పెంచాలి. ఉదాహరణకు మధ్యాహ్నం తీసిన షాటు పక్కన సాయంత్రం ఎండలో తీసిన షాటు అతకాలనుకోండి. సాయంత్రం షాటుకు ఎరుపు మూడు పాయింట్లు పెంచి, నీలం రెండు తగ్గిస్తే ముఖం దారికొస్తుంది. కానీ అదే దెబ్బకు వెనక నీడలో ఉన్న తెల్లగోడ నీలంగా తిరుగుతుంది. ఆ కాంతి ఫ్రేము మొత్తం మీద పడుతుంది మరి. ముఖాన్ని కాపాడాలా, గోడనా? గ్రేడర్ తేల్చుకోవాల్సిందే. ఈ షాటు దేనికోసమో తెలియనివాడు అంకె వేయలేడు.

2000లో వచ్చిన ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’ సినిమా, ఫ్రేము మొత్తానికీ ఒకే దిద్దుబాటు అన్న ఈ హద్దును దాటింది. మిసిసిపీ వేసవి పచ్చదనాన్ని ఎండుగడ్డి రంగులోకి మార్చాలని ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ సంకల్పం. ల్యాబు పద్ధతుల్లో అది కుదరక సినిమా మొత్తాన్ని డిజిటల్‌గా దిద్దారు. ఇప్పుడు ఆకుకో రంగు, ముఖానికో వెలుగు విడివిడిగా ఇవ్వొచ్చు. అది నిజంగా గొప్ప సౌకర్యం. కానీ అన్నీ సరిచేయగలిగితే, ఏది ముఖ్యమో తేల్చుకునే అవసరం కూడా మరుగున పడిపోతుంది.

రంగులు దిద్దే సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో ఆ మూడు అంకెల పద్ధతి, ప్రింటర్ లైట్స్ పేరుతో ఇప్పటికీ ఉంది. కలరింగ్ నేర్చుకుంటున్న పిల్లలు ముందు దానితోనే చేయి తిప్పాలని నా కోరిక. ఫ్రేములో కొంత భాగాన్నే విడిగా దిద్దే మాస్కుల జోలికి పోకుండా మూడు అంకెలతో ఒక సన్నివేశం పూర్తిచేయండి. దేన్ని వదులుకోవాలో తెలిసిన కన్ను అక్కడే తయారవుతుంది.