రెండవ స్థానమున నిలుచువాడు

ఈ వారము ఇంజనీరింగు చదువుచున్న మా మనుమడు అన్న యొక మాట నా మనస్సున ముల్లువలె నాటుకొన్నది. "హోల్ హార్స్‌దేముంది తాతయ్యా, వట్టి పిరికిపంద. గొడవ ముదిరిందంటే చాలు, జారుకుంటాడు. విలన్ పక్కన ఉంటే వెనిలా ఐస్‌లాంటివాడుండాలి" అని తీర్పు చెప్పి, చేతిలోని సంపుటమును బల్లపై పడవైచి, వాడు క్రికెట్టాటకు వెడలిపోయెను.

ఈ శీర్షికను విడువక చదువు పాఠకులకు నా పాత పిచ్చి తెలియనిది కాదు. కథాబలమును నాయకునిబట్టి గాని ప్రతినాయకునిబట్టి గాని తూచరాదనియు, ప్రతినాయకుని వాకిట చేతులు కట్టుకొని నిలుచు బంటునుబట్టియే తూచవలెననియు నేనెన్ని మారులు వ్రాసితినో, విసుగెత్తి మీరెందఱు పుట త్రిప్పితిరో భగవంతునికే యెఱుక. అట్టి నాకు మా యింటనే ఇట్టి తీర్పు వినవలసివచ్చుట ఎంత కష్టముగా నుండునో మీరే ఊహింపుడు.

మా మనుమడు పడవైచిన ఆ మాంగాను, అనగా జపాను బొమ్మల కథను, ఎఱుగనివారికై రెండు మాటలు. అరాకి హిరోహికో 1987 నుండి 'వీక్లీ షోనెన్ జంప్' అను జపాను వారపత్రికలో గీయుచు వచ్చిన జోజో కథామాలికలో మూడవ భాగము 1989లో మొదలై 1992లో ముగిసినది. అందు యోధుని అంతశ్శక్తి ఒక రూపము దాల్చి వాని ప్రక్కన నిలుచును. దానికి 'స్టాండ్' అని పేరు. నూఱేండ్లు సముద్రగర్భమున శవపేటికలో పడియుండి తిరిగి లేచిన రక్తపిపాసి డియో కైరో నగరమున దాగి, కథానాయకుడగు జోటారో బృందముపైకి హంతకులను ఒకరి వెనుక నొకరిని పంపుచుండును. వారము వారము పత్రిక వెలువడవలెను గనుక, వచ్చు శత్రువులకు అంతు ఉండరాదు. రచయిత టారో చీట్లలోని 22 పేర్లను స్టాండులకు పంచిపెట్టి, అవి చాలక ఈజిప్టు దేవతల నామములను గూడ అరువు తెచ్చుకొనెను. ఇట్టి యేర్పాటున బంటునకు ఆయుర్దాయము కొన్ని సంచికలే: వచ్చును, తన విద్య చూపును, దెబ్బలు తినును, మఱుగగును.

హోల్ హార్స్ మాత్రము మాటిమాటికి తిరిగి వచ్చును. కలకత్తా వీధులలో కౌబాయ్ టోపీతో ప్రత్యక్షమగు ఈ కిరాయి హంతకుని స్టాండ్ ఒక పిస్తోలు. తూటా సైతము స్టాండులో భాగమే యగుటచే నడిదారిలో వాడు కోరిన వైపునకు మలుపు తిరుగును. ఇంతటి ఆయుధము చేత నుండియు వాడు నమ్మిన సిద్ధాంతమేమనగా, మొదటివాడై యుండుటకంటె మొదటివాని ప్రక్కన రెండవవాడై యుండుట మేలని. ఆ ప్రకారమే డియో పంపిన మఱియొక హంతకుడు జె. గైల్ అద్దపు ప్రతిబింబముల చాటునుండి వెన్నుపోటు పొడువగా వీడెదుటినుండి కాల్చెను. జోటారో బృందములోని అవ్‌డోల్ నేల కొరిగెను. ఆ జె. గైల్ చచ్చెనని నిశ్చయమైనంతనే వీడు కాలికి బుద్ధి చెప్పెను.

దీనిని పిరికితన మనవచ్చునా? కూడదని వాదించుటకే నేను కలము పట్టితిని. కైరోలోని డియో భవనమున జరిగిన ఘట్టమును చూడుడు. పని సాధింపక రిక్తహస్తములతో వచ్చిన హోల్ హార్స్‌కు వీపు చూపి, చీకటి గదిలో డియో పుస్తకము చదువుకొనుచున్నాడు. కూలికి వచ్చిన ఈ బంటు నిశ్శబ్దముగా పిస్తోలెత్తి యజమాని తలకు గుఱిపెట్టును. నీ ఊపిరి తడబడలేదు, నీకు చెమట పట్టలేదు అని డియో మెచ్చుకొనును గూడ. మఱుక్షణమున గుఱిపెట్టిన చోట మనిషి లేడు. డియో వీని వెనుక నిలిచియున్నాడు. ఎట్లు తప్పుకొనెనో వీనికి తెలియదు, మనకును తెలియదు. కాలమును నిలిపివేయు ఆ శక్తి రహస్యము అప్పటికింకను బయటపడలేదు. దానిని విప్పక, దాని భయంకరత్వమును మాత్రమే పాఠకునకు అందింపవలెనన్న రచయితకు వెనిలా ఐస్ వంటి భక్తుడు కొఱగాడు. ప్రభువునకు రక్తము కావలెనని తెలియగానే తన తల తానే త్రెంచుకొన్న వానికి ప్రభువును కొలిచి చూచు బుద్ధి ఎక్కడిది? ఏటి లోతును ఈదువానికంటె, దిగుటకు జంకి ఒడ్డుననుండి కర్ర గ్రుచ్చి చూచువాడే సరిగా చెప్పగలడు.

పైగా భక్తివలన ఒరిగినదేమి? జె. గైల్ తల్లి, డియోను దైవముగా కొలిచిన వృద్ధురాలు ఎన్యా, కరాచీలో ప్రాణము విడిచినది. ఆమెకు తెలియకుండ ఆమె తలలో డియో నాటిన మాంసాంకురమే మొలకెత్తి ఆమెను చంపినది. అంతటి సేవకురాలినే నమ్మని యజమానివద్ద జంకుచు బ్రతికినవాడే బుద్ధిమంతుడని తేల్చి ఇక్కడ ముగింపవచ్చును.

కాని ఆ కైరో పుటలను మరల చూడగా నా వాదము నాకే నిలువలేదు. పిస్తోలెత్తినవాడు జంకువాడు కాడు. చెమట పట్టలేదని యజమానియే సాక్ష్యము చెప్పెను గదా! డియో భవనమున భక్తులెందఱున్నను, వారికి కలలోనైన రాని పనిని ఈ కిరాయివాడు చేయబోయెను. ఆ యొక్క క్షణమున వాడు రెండవవాడు కాడు. వాని చీటీ పేరు 'ఎంపరర్', అనగా చక్రవర్తి, సార్థకమైనది. గుఱి తప్పిన పిమ్మట వాడు డియోకు దాసోహమనును. ఆ ముఖమున నాకు భయముతో పాటు ఊరట కూడ కనబడుచున్నది: మొదటి స్థానము తనది కాదని తేలిపోయినది, ఇక నెన్నడును దానికై ప్రయత్నింపవలసిన పని లేదు. సాహసించి ఓడినవానిని నేను గౌరవింతును; ఓడినందులకు లోలోన సంతోషించినవానిని పిరికివాడనక తప్పదు. మనుమని మాట నిజమే, వాడు చూపిన కారణము మాత్రము సరికాదు.

ఆ మీదట హోల్ హార్స్‌కు దొరకిన మొదటివాడెవడు? బోయింగో యను బాలుడును, భవిష్యత్తును చిత్రించు వాని బొమ్మల పుస్తకమును! ఆ బొమ్మలు చెప్పినట్లే సరిగా మధ్యాహ్నము పండ్రెండు గంటలకు గొట్టములోనికి తూటాలు వదలదలచెను. చేతి గడియారము వేగముగా నడచుచుండుటచే వేళ తప్పి, ఆ తూటాలు తుదకు తనకే వచ్చి తగిలినవి.

పాత్ర యేమి కోరుచున్నదో పాఠకునకు తెలియవలెనని అరాకి 2015లో వెలువరించిన మాంగా రచనా గ్రంథమున నొక్కి చెప్పెను. నాకు కథలు పంపు యువమిత్రులు దీనిని బంట్లకు గూడ వర్తింపజేసికొనవలెను. ప్రతినాయకుని ముందు బంటును వణికించుట ఎవరికైనను చేతనగును. వాడొకప్పుడేమి కోరెనో, దానినెందుకు మానుకొనెనో ముందుగా తేల్చుకొని, పిమ్మట వణికింపుడు.