చిప్పుల వార్తలు – ఒక విమర్శ

రాయలసీమలో ఎలక్ట్రానిక్ పరిశ్రమలను గూర్చి ఇటీవల పత్రికలలో వార్తలు విరివిగా వెలువడుచున్నవి. కడప సమీపమున కొప్పర్తిలో ఎలక్ట్రానిక్ వస్తువుల తయారీకి ప్రత్యేకముగా ఒక పారిశ్రామిక వాడ ఏర్పడినది. 2025 జనవరిలో ఇండిచిప్ సెమికండక్టర్స్ అను సంస్థ, జపానుకు చెందిన యిటోవా మైక్రో టెక్నాలజీతో కలిసి, కర్నూలు జిల్లా ఓర్వకల్లులో సిలికాన్ కార్బైడు చిప్పుల కర్మాగారమును నెలకొల్పుటకు రాష్ట్ర ప్రభుత్వముతో ఒప్పందము చేసికొన్నది. ప్రకటించిన పెట్టుబడి 14,000 కోట్ల రూపాయలకు పైమాట. అదే సంవత్సరము ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము ఆంధ్రప్రదేశ్‌లో మరియొక చిప్పుల కర్మాగారమునకును, ఒడిశాలో ఒక సిలికాన్ కార్బైడు కర్మాగారమునకును అనుమతి నిచ్చినది.

ఈ వార్తలన్నిటిలోను వినబడు మాట ఒక్కటే: చిప్పు. ఈ చిన్న మాట వేరువేరు పనులను ఒకే గాట కట్టుచున్నది. ఉన్నత పాఠశాల విద్యార్థి ఇకమీద ఏ చదువు చదువవలెనో ఆలోచించుకొనునది ఇట్టి వార్తలను బట్టియే. కావున వాటిని విడదీసి పరిశీలించుట ఉపాధ్యాయుల కర్తవ్యము.

ఎలక్ట్రానిక్ వస్తువు మన చేతికి వచ్చుటకు ముందు నాలుగు మెట్లు కలవు. మొదటిది, పరిశుద్ధమైన అర్ధవాహక స్ఫటికమును పెంచి, పలుచని బిళ్ళలుగా కోయుట. రెండవది, ఆ బిళ్ళపై డయోడులను, ట్రాన్సిస్టరులను నిర్మించుట. మూడవది, బిళ్ళను చిన్న ముక్కలుగా కోసి, తీగలు కలిపి, పైన తొడుగు వేసి, పరీక్షించుట. నాలుగవది, అట్టి చిప్పులను పలకపై అతికి వస్తువును కూర్చుట. కడపలో ఆదిత్య ఇన్ఫోటెక్ సంస్థ నిఘా కెమేరాలను తయారుచేయుట నాలుగవ మెట్టునకు చెందిన పని. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు అనుమతి లభించినది మూడవ మెట్టునకు. ఓర్వకల్లునకు ప్రతిపాదించినది రెండవ మెట్టు. మొదటి మెట్టును గూర్చి వార్తలలో చాల అరుదుగా వినుచున్నాము.

ఇందులో ఏ పనియు తక్కువది కాదు. కాని ఒక్కొక్కదానికి కావలసిన విద్య వేరు. కూర్పునకు నేర్పరి చేతులును, యంత్రములు నడుపగల యువకులును కావలెను. బిళ్ళపై పరికరమును నిర్మించుటకు రసాయన శాస్త్రము, శూన్య యంత్రముల పరిజ్ఞానము కావలెను. స్ఫటికమును పెంచుటకు ఉష్ణగతి శాస్త్రము క్షుణ్ణముగా తెలియవలెను. ‘చిప్పుల పరిశ్రమ వచ్చుచున్నది’ అని మాత్రమే చెప్పి ఊరకున్నచో విద్యార్థికి దారి చూపినట్లు కాదు.

ఇక సిలికాన్ కార్బైడు అనగా ఏమి? ఈ ప్రాంతమునకు అది క్రొత్త పదార్థము కాదు. బేతంచెర్లలో బండలకు నునుపు పెట్టువారు వాడు కార్బొరండము అదియే. సిలికానును, కర్బనమును కలిపి దీనిని పెద్ద యెత్తున తయారుచేయు పద్ధతిని అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ 1890 దశకపు ఆరంభములో కనుగొనెను. 1907లో హెచ్. జె. రౌండ్ ఈ స్ఫటికము గుండ విద్యుత్తును పంపగా మసక వెలుగు కనబడినది. నేటి ఎల్.ఇ.డి. దీపములకు అది తొలి సూచన.

విద్యుత్ పరికరములలో దీని గొప్పతనమునకు కారణము నిషిద్ధ శక్తి పట్టీ వెడల్పు. సిలికానులో అది 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు; పరికరములకు వాడు సిలికాన్ కార్బైడు రకములో సుమారు 3.26. అందువలన ఇది సిలికాను తట్టుకొనగల విద్యుత్ క్షేత్రమునకు దాదాపు పదిరెట్లు తట్టుకొనును. చెరువుకట్టను తలచుకొనుడు. మెత్తని మట్టితో కట్టినచో అడుగున ఎంతో వెడల్పు ఉంచవలెను. రాతితో కట్టినచో సన్నని గోడ చాలును. అట్లే ఒకే వోల్టేజిని ఆపుటకు సిలికానులో మందమైన పొర కావలసియుండగా, సిలికాన్ కార్బైడులో అందు పదవవంతు చాలును. పొర పలుచనైన కొలది నిరోధము తగ్గును. నిరోధము తగ్గిన కొలది వేడి రూపమున పోవు శక్తియు తగ్గును. పైగా పుట్టిన వేడిని ఇది సిలికానుకంటె సుమారు మూడురెట్లు చక్కగా బయటికి చేరవేయును.

దీని ప్రయోజనము ఓర్వకల్లు చెంతనే చూడవచ్చును. గని, శకునాల గ్రామముల పరిసరములలో సుమారు 5,900 ఎకరములలో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రము 2017లో పూర్తియైనది. సౌర ఫలకములు ఇచ్చునది ఏకముఖ విద్యుత్తు. తీగలకు ఎక్కించవలసినది ఏకాంతర విద్యుత్తు. ఈ మార్పు చేయునది ఇన్వర్టరు. అందులోని అర్ధవాహక స్విచ్చులు క్షణమునకు వేలసార్లు తెరచి మూయవలెను. లెక్క కొరకు ఇన్వర్టరుల దక్షత నూటికి 98 అనుకొందము. నిండు ఎండలో 20 మెగావాట్లు వేడిగా పోవును. దక్షత 99కి పెరిగినచో నష్టము 10 మెగావాట్లకు దిగును. నలుబది డిగ్రీలు దాటు కర్నూలు వేసవిలో ఆ వేడిని తొలగించు ఖర్చుకూడ తగ్గును. ఒక శాతమే గదా అని తీసివేయరాదు.

ఇంతవరకు ప్రశంస. అయితే ‘సిలికాను యుగము ముగిసినది’ అను వ్రాతలు మాత్రము సరికావు. గణన యంత్రములలోను, ఫోనులలోను లెక్కలు చేయు చిప్పులు సిలికానువే. ఆ పనికి సిలికాన్ కార్బైడు పోటీ కాదు. క్రొత్త ఫోను చార్జరులవంటి తక్కువ వోల్టేజి పరికరములలో గాలియం నైట్రైడు వాడుక పెరుగుచున్నది. వందలు, వేల వోల్టులతో పని యున్న విద్యుత్ వాహనములు, సౌర కేంద్రములు, రైళ్ళు సిలికాన్ కార్బైడు పరిధి.

రెండవ అతిశయోక్తి వేగమును గూర్చినది. ఏ పదార్థముతో పరికరపు నష్టము ఎంత తగ్గునో అంచనా వేయు సూత్రమును, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన బి. జయంత్ బాలిగా గారు 1980 దశకములోనే వెలువరించినారు. అయినను సిలికాన్ కార్బైడు డయోడు విపణికి వచ్చుటకు 2001 వరకును, ట్రాన్సిస్టరు వచ్చుటకు సుమారు 2010 వరకును వేచియుండవలసి వచ్చినది. సిలికాను 1,414 డిగ్రీల వద్ద కరగును. ఆ ద్రవమునుండి నిమిషమునకు మిల్లీమీటరు లెక్కన స్ఫటికమును పైకి లాగవచ్చును. సిలికాన్ కార్బైడు సాధారణ పీడనమున కరగదు. రెండువేల డిగ్రీలకు పైగా వేడిచేసి ఆవిరిగా మార్చి, బీజ స్ఫటికముపై పేరనీయవలెను. గంటకు మిల్లీమీటరులో కొంత భాగమే పెరుగును. పెరిగినదానిని కోయుటకు వజ్రపు పొడి పట్టించిన తీగలు కావలెను. స్ఫటికములో స్వల్పమైన లోపమున్నను స్విచ్చు చెడును. పైనుండు ఆక్సైడు పొరకును స్ఫటికమునకును నడుమ ఎలక్ట్రానులు చిక్కుకొనుట మరియొక చిక్కు.

వ్యాపారపు టెత్తుపల్లములును కలవు. ఈ రంగమునకు మార్గదర్శియైన అమెరికా సంస్థ వుల్ఫ్‌స్పీడ్ 2025 జూనులో దివాలా చట్టపు రక్షణ కోరి, సెప్టెంబరులో అప్పులు సర్దుకొని బయటపడినది. శాస్త్రము సత్యమైనంత మాత్రమున కర్మాగారము లాభించునని నమ్మరాదు.

వార్తలలో కొరవడిన మరియొక అంశము నీరు. బిళ్ళపై పరికరములను నిర్మించునపుడు ప్రతి దశయందును అతి పరిశుద్ధమైన నీటితో కడుగవలెను. కర్నూలు జిల్లా సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 670 మిల్లీమీటర్లు మాత్రమే. వాడిన నీటిని శుద్ధిచేసి మరల వాడు విధానములు కలవు. ఎంత నీరు తీసికొందురు, ఎంత తిరిగి వాడుదురు అని అడుగుట అభివృద్ధికి అడ్డుపడుట కాదు. అది ఇంజనీరు మొదట వేయవలసిన ప్రశ్న.

కావున ఇట్టి వార్త తరగతికి వచ్చినపుడు ఉపాధ్యాయులు మూడు ప్రశ్నలు వేయించవలెను. ఇది నాలుగింటిలో ఏ మెట్టు? ఏ పదార్థము, ఎన్ని వోల్టుల పనికి? ఒప్పందమా, నిర్మాణమా, ఉత్పత్తియా? బండకు నునుపు పెట్టు పొడికిని, సౌర కేంద్రపు స్విచ్చునకును పదార్థము ఒక్కటే. రెంటి నడుమ ఉన్నది పరిశుద్ధత, క్రమము, వాటిని సాధించు విద్య. కర్మాగారము రేపు వచ్చినను, ఆలస్యమైనను, ఆ విద్యను నేడే మొదలుపెట్టవచ్చును.