ఫైలు ఉంది, లేదట!

ఫైలు ఎదురుగానే ఉంది. ఎల్‌ఎస్ కొడితే పేరు కనిపిస్తోంది, క్యాట్ కొడితే లోపలి రాత కనిపిస్తోంది. నడపబోతే మాత్రం ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటోంది. లైనక్స్ మీద పని చేసేవాళ్ళలో ఏదో ఒక రాత్రి ఈ ముక్క ముందు తల పట్టుకుని కూర్చోనివాళ్ళు తక్కువ. నేనూ కూర్చున్నాను. ఎవరో విండోస్‌లో రాసి పంపిన స్క్రిప్టు అది. మొదటి లైను చివర కంటికి ఆనని క్యారేజ్ రిటర్న్ ఒకటి అతుక్కుని వచ్చింది. దాంతో కెర్నెల్ బ్యాష్‌ను వెతకడం మానేసి, తోక ఉన్న బ్యాష్‌ను వెతికింది. అలాంటిది భూప్రపంచంలో లేదు. లేనిది నా ఫైలు కాదు, నా ఫైలు కోరిన ఇంటర్‌ప్రెటర్. కెర్నెల్ అబద్ధమాడలేదు. ఏది లేదో చెప్పలేదు, అంతే.

ఆ స్క్రిప్టును నడపబోయింది నేను రాసిన సీ ప్రోగ్రామే. తర్వాత అదే స్క్రిప్టును బ్యాష్ నుంచి నడిపితే ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంది. ఆ దొంగ అక్షరాన్ని కూడా కనిపించే గుర్తుగా మార్చి చూపించింది. బ్యాష్‌కు కెర్నెల్ ప్రత్యేకంగా చెవిలో ఊదిందేమీ లేదు. నాకిచ్చిన అంకెనే దానికీ ఇచ్చింది. బ్యాష్ రాసినవాళ్ళు ఆ అంకె దగ్గర ఆగిపోలేదు. ఫైలు మళ్ళీ తెరిచారు, మొదటి లైను చదివారు, షెబాంగ్ ఉందేమో చూశారు, దాని వెనకున్న పేరును బయటకు లాగారు. విఫలమైన ఒక్క కాల్ కోసం ఇంత పని! ఈ నాలుగు లైన్ల శ్రద్ధ లక్షలమంది నిద్రను కాపాడి ఉంటుంది. నా వ్యాసమంతా ఆ శ్రద్ధ గురించే.

అసలు కెర్నెల్ ఇచ్చేదేమిటి? సిస్టమ్ కాల్ విఫలమైతే లైనక్స్ ఒక రుణసంఖ్యను తిరిగిస్తుంది, -2 అనుకుందాం. జీలిబ్‌సీ దాని గుర్తు తిప్పి, ఎర్ర్‌నోలో 2 వేసి, మన చేతిలో -1 పెడుతుంది. అంతే సరుకు. దారిలో ఏ డైరెక్టరీ దగ్గర ఆగిపోయిందో, ఎవరి అనుమతి చాలలేదో ఆ క్షణాన కెర్నెల్‌కు తెలుసు. తెలిసినదంతా మింగేసి ఒక అంకె విదిలిస్తుంది. అలాంటి అంకెలు 130 దాకా ఉన్నాయి. తొలినాళ్ళ యూనిక్స్‌కు మెమరీ కరువు కాబట్టి ఇలా పెట్టారని పెద్దలంటారు. కెన్ థాంప్సన్ ఈడీ ఎడిటర్ మనం ఏ తప్పు చేసినా ఒక్క ప్రశ్నార్థకంతో సరిపెట్టేదంటే కాలం అలాంటిదే అయుండాలి. చరిత్ర జోలికి ఇంతకంటే పోను.

ఒక్క అంకె వెనక ఎన్ని కథలుంటాయో చూడాలంటే ఓపెన్ మాన్యువల్ పేజీ తీయండి. ‘పర్మిషన్ డినైడ్’ అంటే ఫైలు మీద అనుమతి లేకపోవచ్చు. దారిలోని ఏదో ఒక డైరెక్టరీలోకి అడుగుపెట్టే అనుమతి లేకపోవచ్చు. ఫైలు ఇంకా పుట్టలేదు, పుట్టించడానికి పై డైరెక్టరీలో రాసే హక్కు లేకపోవచ్చు. మూడు జబ్బులకూ ఒకటే పేరు. ‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’ ఇంకా చిత్రం. డిస్కు నిండితే ఇదే వస్తుంది. డిస్కు సగం ఖాళీగా ఉండి ఐనోడ్లు అయిపోయినా ఇదే. ఫైళ్ళ మీద నిఘా పెట్టే ఐనోటిఫైలో వాచ్‌ల పరిమితి దాటితే, డిస్కుతో ఏ సంబంధమూ లేకపోయినా, మళ్ళీ ఇదే! డిస్కు చూస్తే బోలెడు చోటు. ఇక్కడ కోర్‌యుటిల్స్‌లోని టెయిల్‌కు దండం పెట్టాలి. ఐనోటిఫై నుంచి ఈ అంకె వస్తే అది డిస్కు మాటే ఎత్తదు. ఐనోటిఫై వనరులు అయిపోయాయని చెప్పి, పోలింగ్‌కు దిగి తన పని తాను చేసుకుపోతుంది. అంకెను ఏ సందర్భంలో ఎలా చదవాలో తెలిసినవాడి పనితనం అది.

ఈ పనిలో మొదటి పాఠం ఎర్ర్‌నోను వెంటనే దాచుకోవడం. కాల్ విఫలమైన మరుక్షణం దాన్ని ఒక వేరియబుల్లోకి తీసుకోవాలి, తర్వాతే మిగతా ఏదైనా. కారణం, గెలిచిన కాల్స్ ఎర్ర్‌నోను సున్నా చేయవు. మధ్యలో పిలిచిన ఏ లైబ్రరీ ఫంక్షనో దాన్ని పాడుచేసినా అడిగే దిక్కులేదు. ‘నాట్ ఎ టైప్‌రైటర్’ అనే వింత మెసేజ్ యూనిక్స్ లోకంలో హాస్యకథగా మిగలడానికి ఇదే మూలం. స్టాండర్డ్ ఐఓ లైబ్రరీ మొదటిసారి రాసేముందు అవతల ఉన్నది టెర్మినలేనా అని తనలో తాను అడుగుతుంది. కాదంటే ఎర్ర్‌నోలో ఆ గుర్తు, అంకె 25, మిగిలిపోతుంది. తర్వాత వేరెక్కడో ఏదో చెడి, ఎర్ర్‌నో చూడకూడని చోట చూసి అచ్చేస్తే టైప్‌రైటర్ ప్రత్యక్షమయ్యేది. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట, ఆ సామెతకు కంప్యూటర్ రూపం ఇది.

రెండోది, మెసేజ్‌లో ఏం ఉండాలన్నది. ఎవరు మాట్లాడుతున్నారు, ఏం చేయబోయారు, దేనిమీద, ఎందుకు కాలేదు. గ్నూ కోడింగ్ ప్రమాణాలు దశాబ్దాలుగా ఇదే మొత్తుకుంటున్నాయి: ప్రోగ్రాము పేరు, ఫైలు పేరు, సిస్టమ్ ఇచ్చిన కారణం, మూడూ ఉండాలి, ఒట్టి ‘స్టాట్ ఫెయిల్డ్’ చాలదు. 1993 నాటి 4.4 బీఎస్‌డీ ఎర్ర్, వార్న్ అనే ఫంక్షన్లు తెచ్చి ఈ మూడింటినీ ఒక్క లైనులో పెట్టింది. నేను బీఎస్‌డీ పక్షపాతినని మిత్రులు వెక్కిరిస్తారు. ఎర్ర్ లాంటి ముచ్చటైన ఫంక్షన్ ఇంకొకటి చూపించమనండి, పక్షం మారుస్తాను.

గురువుల్లో మొదట రిచర్డ్ స్టీవెన్స్‌ను తలచుకోవాలి. 1992లో వచ్చిన ఆయన యూనిక్స్ పుస్తకంలో ఎర్ర్_సిస్ లేని ఉదాహరణను వెతుక్కోవాలి. నెట్‌వర్క్ పుస్తకంలో ఇంకో అడుగు వేసి సాకెట్, బైండ్, లిజన్‌లకు పెద్దక్షరంతో మొదలయ్యే జంటలను తయారుచేశారు. విఫలమైతే అవే మాట చెప్పి ప్రోగ్రామును ఆపేస్తాయి. తనిఖీ మరిచిపోయే అవకాశమే విద్యార్థికి ఇవ్వలేదు మహానుభావుడు. ఆ దారిలోనే మైకేల్ కెరిస్క్ 2010 నాటి తన లావుపాటి లైనక్స్ పుస్తకంలో ఎర్ర్ఎగ్జిట్ పెట్టి, వాక్యంతో పాటు ఈనోఎంట్ లాంటి గుర్తింపు పేరునూ అచ్చేయించారు. వెతుక్కునేవాడికి ఆ పేరే ఆధారం. (జీలిబ్‌సీకి ఆ పేరు ఇచ్చే ఫంక్షన్ 2020లో, 2.32లో గానీ రాలేదు. ఆలస్యమే, అయినా సంతోషం.)

జిమ్ మేయరింగ్ ఘనత వేరే రకం. ‘హలో వరల్డ్’ అచ్చేసే ప్రోగ్రామును స్లాష్ డెవ్ స్లాష్ ఫుల్ లోకి మళ్ళించండి. ఎంత రాసినా ‘చోటు లేదు’ అనే పరికరం అది. పుస్తకాల్లోని ప్రోగ్రాము ఒక్క అక్షరం రాయలేకపోయినా విజయం సాధించానంటూ ముగుస్తుంది, ఎందుకంటే ప్రింట్ఎఫ్ రాసింది బఫర్లోకి, అసలు వైఫల్యం చివర్లో మూసేటప్పుడు. మేయరింగ్ కోర్‌యుటిల్స్ అంతటా ఆ చివరి మూతను కూడా తనిఖీ చేయించాడు.

వీళ్ళందరినీ దాటి నా గుండెలో పీట వేసుకున్నవాడు పీటర్ మిల్లర్. ఆస్ట్రేలియావాడు. మేక్ ఫైళ్ళను డైరెక్టరీల వారీగా ముక్కలు చేయడం ఎంత చేటో విడమరిచి రాసిన పత్రంతో పేరుపొందాడు. ఆయన కట్టిన లిబ్ఎక్స్‌ప్లెయిన్ చేసే పని వింటే మంత్రంలా ఉంటుంది. ఓపెన్ విఫలమయ్యాక ఎర్ర్‌నోనూ, ఓపెన్‌కు మీరిచ్చిన వాటన్నింటినీ దానికి అప్పగిస్తారు. అది ఆ దారిని మొదటినుంచి ఒక్కో డైరెక్టరీ చొప్పున నడిచి చూస్తుంది. ఎక్కడ దారి తెగిందో అక్కడ ఆగి చెబుతుంది: ఫలానా డైరెక్టరీలో ఈ పేరు గలది లేదు. అక్కడితో ఆగుతుందా? దగ్గరి పేరు ఏదైనా కనిపిస్తే, మీరనుకున్నది అదేనా అని అడుగుతుంది! ఫ్లాగ్‌ల అంకెలను పేర్లుగా విప్పి రాస్తుంది. ‘ఆర్ డై’ అని ముగిసే జంటలు కూడా ఉన్నాయి, పిలిస్తే చాలు, విఫలమైతే సంజాయిషీ రాసి అవే ముగిస్తాయి. ఇలా 200కు పైగా సిస్టమ్ కాల్స్, 500కు పైగా ఐఆక్టిల్ అభ్యర్థనలు. ఐఆక్టిల్ ఎంత చిక్కో తెలిసినవాళ్ళు ఆ రెండో అంకె దగ్గర ఒకసారి ఆగి నిట్టూర్చండి. 2010లో ఆయన దీనిమీద చదివిన పత్రానికి, అంకెను వాక్యంగా మార్చే స్ట్రెర్రర్ మనసులో ఏముందో ఊహించడం ఇక మానేద్దామనే అర్థంలో పేరు పెట్టాడు. ఆ వెటకారం నాకెంతో ఇష్టం. 2014లో పోయాడు.

విమర్శలు లేవని కాదు. విఫలమయ్యాక వెతుకుతాం కాబట్టి ఈలోగా ఫైళ్ళు మారిపోవచ్చు, అప్పుడు కారణం తప్పుగా రావచ్చు. నిజమే. అందుకని ముందే యాక్సెస్‌తో అడిగి తర్వాత తెరిస్తే అది ఇంకా పెద్ద తప్పు, రెండింటి మధ్య సందులో దొంగ దూరతాడు. ముందు చేయాలి, చెడితే వెతకాలి. నూటికి తొంభైతొమ్మిది సార్లు ఫైలు ఎక్కడికీ పారిపోదు.

ఇక నా కడుపుమంట. పెర్రర్ అనే ఫంక్షన్, దానికి ‘ఓపెన్’ అనే మాట. పాఠంలో అదే, లాబ్ రికార్డులో అదే, ఉద్యోగంలో అదే. ‘ఓపెన్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ.’ ఏ ఫైలయ్యా? రాసినవాడి చేతిలో పేరున్న వేరియబుల్ పక్కనే ఉంది, తీసి పెట్టడానికి చెయ్యి రాలేదు! ఆ బద్ధకానికి మనం స్ట్రేస్ పెట్టుకుని, వేల లైన్ల మధ్య ఆ ఒక్క పేరు ఏరుకోవాలి. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో టర్బో సీ నీలి తెర ముందు నేర్చుకున్న తరం మాది. ఎఫ్‌ఓపెన్ నల్ ఇస్తే ‘ఎర్రర్’ అని అచ్చేస్తే పూర్తి మార్కులు వేసేవారు. ఆ మార్కులు మమ్మల్ని ఇంకా వెంటాడుతున్నాయి. రస్ట్ అభిమానులు తిడితే తిట్టనీ, కొత్త భాషనని అంత గొప్పలు పోయిన రస్ట్‌లో కూడా ఫైలు తెరవలేకపోతే ప్రామాణిక లైబ్రరీ ‘ఓఎస్ ఎర్రర్ 2’ అంటుందే తప్ప ఫైలు పేరు చెప్పదు. గో చెబుతుంది, పైథాన్ చెబుతుంది. ఇక ఫోన్ యాప్‌లు ‘అయ్యో, ఏదో పొరపాటు జరిగింది’ అని బొమ్మ పెట్టి నవ్వుతాయి. ఈడీ ప్రశ్నార్థకానికి రంగులద్దితే వచ్చేది ఇదే. ఈడీకైనా మెమరీ లేదన్న సాకుంది.

తెలుగులోకి మార్చే పనిలో కూర్చున్నవాళ్ళకు ఇంకో గోస. ‘కెనాట్’ ఒక ముక్క, ‘ఓపెన్’ ఒక ముక్క, పేరు ఒక ముక్క, అన్నీ విడిగా అతికిస్తారు ప్రోగ్రామర్లు. మన వాక్యంలో క్రియ చివరికి పోతుంది, పేరుకు ‘ను’ తగులుకుంటుంది, ఆ ముక్కలు ఏ వరసలో పేర్చినా తెలుగు కాదు. వాక్యం మొత్తం ఒకటిగా రాసి, ఖాళీలకు వరస సంఖ్యలు ఇస్తే అనువాదకుడు వాటిని ఎటైనా జరుపుకోగలడు. గెట్‌టెక్స్ట్ మాన్యువల్ ఎప్పుడో చెప్పిన సలహా, వినేవాళ్ళు తక్కువ.

కొత్త కోడ్ చేతికొస్తే నేను ముందు పెర్రర్ కోసం గ్రెప్ కొడతాను. ఆమధ్య ఒక ప్రోగ్రాము కొన్ని నెలలుగా ‘ఓపెన్: నో సచ్ ఫైల్’ అంటూ అప్పుడప్పుడూ పడిపోతోందని ఇచ్చారు. సర్వర్లో ప్రతి ఫైలూ ఉందని తేల్చి వదిలేశారట. నేను పెర్రర్ తీసేసి ఎర్ర్ పెట్టాను, ఫైలు పేరు చేర్చాను, పేరుకు అటూ ఇటూ కొటేషన్ గుర్తులు తగిలించాను. రెండు రోజుల తర్వాత మళ్ళీ పడింది. లాగ్ తీసి చూస్తే గుర్తులు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, మధ్యలో ఏమీ లేదు. కాన్ఫిగ్‌లో ఒక విలువ ఖాళీ.