హిజామా: కాలేయ సంరక్షణలో గాటు, నియమం

యునానీ వైద్యంలో మందు రాసి ఇవ్వడం మూడో మెట్టు. మొదట ఆహారాన్ని సరిచేయాలి. దానితో కుదరకపోతే స్నానం, మర్దన, వ్యాయామం, జలగలు, సిరను కోసి రక్తం వదలడం, కప్పులు పెట్టడం వంటి పద్ధతులను ఆశ్రయించాలి. ఈ పద్ధతులన్నింటినీ కలిపి హకీములు 'ఇలాజ్ బిత్ తద్బీర్' అంటారు. అవి కూడా చాలకపోతేనే ఔషధం, చివరగా శస్త్రచికిత్స వస్తాయి. చర్మాన్ని కప్పుతో పైకి లాగి, దాని మీద సన్నని గాట్లు పెట్టి, మళ్లీ కప్పు బోర్లించి రక్తాన్ని పీల్చే హిజామా ఈ రెండో మెట్టుకు చెందిన చికిత్స. ముస్లిం సమాజాల్లో దానికి ధార్మిక గౌరవం కూడా తోడవడంతో, వేయి సంవత్సరాలకు పైగా అది వైద్యశాలలోనూ, స్నానశాలల్లోనూ, ఇళ్లలోనూ నిలిచి ఉంది. ఈ కాలంలో కాలేయం బలహీనపడినవారికీ, కాలేయానికి కొవ్వు పట్టినవారికీ హిజామాను సూచించేవారు పెరిగినందువల్ల, ఆ సంప్రదాయం కాలేయం గురించి నిజంగా ఏమి చెప్పిందో, హిజామాను ఏ హద్దుల్లో ఉంచిందో తెలుసుకోవడం అవసరం. హిజామా ఘనత ఎక్కువగా ఆ హద్దుల్లోనే ఉంది.

యునానీ శాస్త్రం మెదడు, గుండె, కాలేయం అనే మూడింటినీ ప్రాణానికి ఆధారమైన ప్రధానాంగాలుగా ఎంచి, పోషణకు, పెరుగుదలకు కారణమైన సహజశక్తికి కాలేయాన్ని నివాసంగా చెప్పింది. క్రీ.శ. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ రచనల నుంచి అరబ్బులు స్వీకరించి, బుఖారా ప్రాంతంలో పుట్టిన ఇబ్న్ సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో క్రమబద్ధం చేసిన వివరణ ప్రకారం, కడుపులో జీర్ణమైన ఆహారం 'కైలూస్' అనే తెల్లని ద్రవంగా మారి, పేగుల నుంచి బయలుదేరే సిరల గుండా కాలేయానికి చేరుతుంది. అక్కడ అది పొయ్యి మీది కుండలో పదార్థం ఉడికినట్టు మళ్లీ పక్వమవుతుంది. పైకి తేలిన నురుగు 'సఫ్రా' అనే పసుపు పైత్యం, అడుగున దిగిన మడ్డి 'సౌదా' అనే నల్ల పైత్యం, సరిగా ఉడికిన భాగం 'దమ్' అనే రక్తం, పూర్తిగా ఉడకని భాగం 'బల్గమ్' అనే కఫం. సఫ్రాను పిత్తాశయం, సౌదాను ప్లీహం తమలోకి తీసుకుంటాయి. మిగిలిన రక్తం శరీరమంతటికీ ఆహారమవుతుంది. ఆధునిక శరీరధర్మ శాస్త్రం ఈ చిత్రాన్ని అంగీకరించదు. అయినా పేగుల నుంచి వచ్చే పోషకాల్లో చాలావరకు మొదట కాలేయానికే చేరతాయనీ, పైత్యరసాన్ని తయారు చేసేది కాలేయమేననీ ఆనాటి వైద్యులు ఊహించగలగడం చిన్న విషయం కాదు.

కాలేయం సమస్త రసాలకూ వంటశాల అయినప్పుడు, అక్కడి ఉడుకు హెచ్చినా తగ్గినా, దారుల్లో అడ్డు ఏర్పడినా వ్యాధి వస్తుంది. శక్తి తగ్గితే 'జుఅఫె జిగర్' అన్నారు, వాపు వస్తే 'వరమె జిగర్' అన్నారు, పైత్యం దారి తప్పి చర్మానికీ కళ్లకూ పసుపు రంగు పులిమితే 'యర్ఖాన్' అన్నారు. తెలుగువారి పచ్చకామెర్లు అదే. పొట్టలో నీరు చేరే జలోదరాన్ని 'ఇస్తిస్ఖా' అన్నారు. ఇలాంటి స్థితుల్లో చెడిన రసాన్ని బయటకు పంపడాన్ని 'తన్ఖియా' అనీ, ఒక చోట పోగుపడిన దానిని మరో చోటికి మళ్లించడాన్ని 'ఇమాలా' అనీ పిలిచారు. హిజామా ఈ రెండు పనులకూ ఉపయోగపడుతుందని వారి నమ్మకం. గాటుతో చేసేది తన్ఖియాకు, గాటు లేకుండా కేవలం కప్పు పెట్టి లాగేది ఎక్కువగా ఇమాలాకు.

గాలెన్ సంప్రదాయంలో కుడి ముక్కు రంధ్రం నుంచి రక్తం ఆగకుండా కారుతుంటే కాలేయం ఉన్న చోట, ఎడమ రంధ్రం నుంచి కారుతుంటే ప్లీహం ఉన్న చోట, గాటు లేకుండా పెద్ద కప్పు పెట్టమని చెప్పేవారు. పైకి పరుగెత్తుతున్న రక్తాన్ని కిందికి మళ్లించడమే దాని ఉద్దేశం. కాలేయంపై కప్పు పెట్టడం గురించి ప్రాచీనులు చెప్పిన ఈ స్పష్టమైన సందర్భంలో కాలేయ వ్యాధి ప్రసక్తి లేకపోవడం గమనించదగినది. కాలేయ బాధలకు వారు ప్రధానంగా సూచించిన రక్తమోక్షణం హిజామా కాదు, 'ఫస్ద్'. అంటే ఎంచుకున్న సిరను కోసి రక్తం వదలడం. కాలేయపు వేడి వాపుకు కుడి చేతి మోచేతి లోపలి సిరను, కాలేయపు నొప్పికి కుడి చేతి ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ నడుమ ఉండే 'ఉసైలిమ్' అనే సన్నని సిరను, ప్లీహపు నొప్పికి ఎడమ చేతిలోని అదే సిరను ఎంచుకునేవారు. హిజామా చర్మానికి దగ్గరగా ఉన్న రక్తాన్ని తీస్తుందనీ, ఫస్ద్ లోతైన రక్తాన్ని తీస్తుందనీ వారు స్పష్టంగా వేరు చేశారు. నేడు ఫస్ద్ చేసేవారు దాదాపు కనుమరుగై, దాని బాధ్యతలు చాలావరకు హిజామా మీదికి వచ్చి చేరాయి. కాలేయానికి హిజామా అనే ఆధునిక ప్రచారాన్ని ఈ మార్పు నేపథ్యంలోనే చూడాలి.

ధార్మిక పక్షం దీనికి సమాంతరంగా నడిచింది. స్వస్థత తేనెలో, హిజామా గాటులో, నిప్పు వాతలో ఉందనీ, అయితే వాతను తన సమాజానికి వారిస్తున్నాననీ ప్రవక్త ముహమ్మద్ చెప్పినట్టు బుఖారీ కూర్చిన హదీసుల (ప్రవక్త మాటల, చేతల కథనాల) సంకలనం నమోదు చేసింది. మెడ రెండు పక్కలా, మెడ మొదట భుజాల నడుమ 'కాహిల్' అనే చోటా ఆయన హిజామా చేయించుకున్నారనీ, మక్కా యాత్రా దీక్షలో ఉండగా తలనొప్పికి తలపై చేయించుకున్నారనీ హదీసులు చెబుతాయి. ఆయనకు హిజామా చేసిన అబూ తైబా ఒక బానిస. ప్రవక్త అతనికి కూలీగా ఆహార ధాన్యం ఇప్పించి, అతని సంపాదన నుంచి యజమానులు తీసుకునే వాటాను తగ్గించమని కోరారు. గాటు పెట్టే మనిషి శ్రమకు విలువ కట్టిన ఈ ఉదంతాన్ని హిజామా గురించి మాట్లాడేవారు ఇంకా ఎక్కువగా తలచుకోవాలి. చాంద్రమాసంలో 17, 19, 21 తేదీలు అనుకూలమని హదీసులు చెప్పగా, నెల మొదట్లోనూ చివరలోనూ కాకుండా మధ్యలో, రసాలు పొంగి ఉన్నప్పుడు, పగటి రెండో మూడో గంటలో చేయాలని ఇబ్న్ సీనా రాశాడు.

పనిముట్ల విషయంలో కార్డోబాకు చెందిన అల్ జహ్రావీ (936–1013) రచన సాటిలేనిది. ముప్పై భాగాల 'అత్తస్రీఫ్'లో చివరి భాగాన్ని పూర్తిగా శస్త్రచికిత్సకు కేటాయించి, పరికరాల బొమ్మలు గీయించిన ఈ వైద్యుడు, కొమ్ముతో, కర్రతో, రాగితో, గాజుతో చేసిన కప్పులను వర్ణించి, గాటుతో హిజామా చేసే 14 స్థానాలను పేర్కొన్నాడు. కొమ్ములోని గాలిని వైద్యుడు నోటితో పీల్చేవాడు. గాజు, రాగి కప్పుల్లో మంట వెలిగించి గాలిని పలుచబరచేవారు. కొమ్ముతోనూ, ఎండిన సొరకాయ బుర్రతోనూ రక్తం తీసే పద్ధతులు సుశ్రుత సంహితలోనూ ఉన్నందువల్ల ఈ విద్య భారతదేశానికి కొత్తది కాదు. పన్నెండో శతాబ్దంలో సిరియాలో అల్ షైజరీ రాసిన సంత తనిఖీ గ్రంథంలో రక్తం తీసేవారికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. సిర కోసేవాడు మనుషుల మీదికి వెళ్లే ముందు బీట్ ఆకుల ఈనెల మీద చేతిని సాధన చేసుకోవాలనీ, హిజామా చేసేవాడి చేయి తేలికగా ఉండాలనీ అది శాసించింది. వైద్యుడి చేతిని ప్రభుత్వాధికారి పరీక్షించాలన్న ఆలోచన ఆనాటిదే.

ఇప్పటి పద్ధతి ఆ చేతి తేలికదనాన్నే కోరుతుంది. రోగి భోజనం చేసి రెండు మూడు గంటలు గడిచాక, బోర్లా పడుకోబెట్టి, చర్మాన్ని క్రిమినాశకంతో శుభ్రపరుస్తారు. ప్లాస్టిక్ కప్పు పెట్టి చేతిపంపుతో గాలి లాగితే లోపలి చర్మం ఉబ్బి ఎర్రబడుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాల తర్వాత కప్పు తీసి, ఆ గుండ్రటి మచ్చలోనే సర్జికల్ బ్లేడుతో పొట్టిగా, చర్మపు పై పొరలను దాటకుండా, వరుసగా గాట్లు పెడతారు. సరైన గాటు గోటి గీరులా ఉండి, కొద్ది రోజుల్లో మచ్చ లేకుండా మానాలి. మళ్లీ కప్పు పెట్టినప్పుడు రక్తబిందువులు ఊరి కప్పులో చేరతాయి. కొన్ని నిమిషాల తర్వాత దానిని తీసి, తుడిచి, అవసరమైతే మరోసారి పెడతారు. కాలేయం కోసమని వచ్చేవారికి సాధారణంగా కాహిల్ దగ్గర, భుజపుటెముకల నడుమ, కుడి భుజపుటెముక దిగువన కప్పులు పెడతారు.

కప్పులో చేరిన నల్లని, జిగురుగా గడ్డకట్టిన రక్తాన్ని చూపించి కాలేయంలోని విషం బయటకు వచ్చిందని చెప్పే అలవాటు కొన్ని చోట్ల ఉంది. ఆ అలవాటు మానాలి. ఆక్సిజన్ తగ్గిన రక్తం ముదురు రంగులో ఉంటుంది, నిలిచిన రక్తం గడ్డకడుతుంది. రెండూ ఆరోగ్యవంతుడి రక్తానికీ ఉన్న గుణాలే. పైగా కాలేయం గుండా నిమిషానికి సుమారు ఒకటిన్నర లీటర్ల రక్తం ప్రవహిస్తుంది. అమోనియాను యూరియాగా మార్చడం, బిలిరుబిన్‌ను బయటకు పంపడం వంటి శుద్ధి పనులన్నీ అది తానే చేసుకుంటుంది కాబట్టి, వీపు మీద తీసిన కొద్దిపాటి రక్తం దాని పనికి ప్రత్యామ్నాయం కాలేదు. పీల్చుడు వల్ల సూక్ష్మ రక్తనాళాలు వెడల్పయి, కణాల మధ్య ద్రవంతో కూడిన రక్తం వడకట్టినట్టు బయటకు వస్తుందని మదీనాలోని తైబా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో 'తైబా సిద్ధాంతం' పేరుతో ప్రతిపాదించారు. అది ఆసక్తికరమైన ఊహ, నిరూపిత సత్యం కాదు. మెడనొప్పి, నడుమునొప్పి వంటి వాటిలో ఉపశమనాన్ని చూపిన చిన్న పరీక్షలు ఉన్నాయి. కాలేయ వ్యాధిని హిజామా నయం చేస్తుందని తేల్చిన పెద్ద పరీక్ష ఒక్కటీ లేదు.

అయినా రక్తం తీయడానికీ కాలేయ రక్షణకూ సంబంధమే లేదనడం కూడా పొరపాటు. హీమోక్రొమటోసిస్ అనే వంశపారంపర్య వ్యాధిలో శరీరం ఇనుమును అవసరానికి మించి పీల్చుకుని కాలేయంలో పోగుచేస్తుంది, అది క్రమంగా కాలేయాన్ని గట్టిపరుస్తుంది. ఆధునిక వైద్యం దానికి నేటికీ ఇచ్చే ప్రధాన చికిత్స సిర నుంచి రక్తం తీయడమే. ఒక్కసారి తీసే 450–500 మిల్లీలీటర్ల రక్తంతో 200–250 మిల్లీగ్రాముల ఇనుము శరీరాన్ని వదులుతుంది. ఇది ఫస్ద్‌కు దగ్గరి బంధువు. హిజామాలో వచ్చే రక్తం సాధారణంగా అంతకంటే చాలా తక్కువ కాబట్టి, ఈ చికిత్స ఫలితాన్ని హిజామా ఖాతాలో వేయకూడదు.

కాలేయ రోగి విషయంలో గాటుకు ముందు ఆగవలసిన కారణాలు రెండున్నాయి, రెండూ ప్రాణానికి సంబంధించినవే. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రొటీన్లలో అత్యధికం కాలేయంలోనే తయారవుతాయి. కాలేయం గట్టిపడే సిరోసిస్ వచ్చినవారిలో అవి తగ్గడమే కాక, ఉబ్బిన ప్లీహం ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుతుంది. అలాంటి మనిషికి చిన్న గాటు కూడా ఆగని రక్తస్రావం కావచ్చు. జలోదరం, ముదిరిన కామెర్లు, రక్తహీనత ఉన్నవారికీ, రక్తం పలుచబరిచే మందులు వాడేవారికీ, గర్భిణులకూ గాటు పెట్టకూడదు. రెండో కారణం హెపటైటిస్. శరీరం బయట కనీసం ఏడు రోజులు సజీవంగా ఉండగల హెపటైటిస్ బి వైరస్ కంటికి కనిపించని రక్తపు చుక్కలోనూ ఉండగలదు. సరిగా శుద్ధి చేయని కప్పు, మళ్లీ వాడిన బ్లేడు కాలేయాన్ని కాపాడాలని వచ్చినవారికే కాలేయ వ్యాధిని అంటించగలవు. ఒకరికి వాడిన కప్పులను, బ్లేడును అక్కడే పారవేయడం, చేసేవాడు తొడుగులు ధరించడం, హెపటైటిస్ బి టీకా వేయించుకోవడం ఈ చికిత్సలో విధిగా జరగాలి. ఈ విషయంలో రాజీపడే చోటుకు ఎంత పేరున్నా వెళ్లకూడదు.

హైదరాబాదులో ఈ సంప్రదాయానికి దృఢమైన నేల ఉంది. చార్మినార్ పక్కన ఏడో నిజాం కాలపు భవనంలో నడుస్తున్న యునానీ ఆసుపత్రి, దానితో ముడిపడిన నిజామియా తిబ్బీ కళాశాల, ఎర్రగడ్డలోని కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధన సంస్థ ఇక్కడ ఉన్నాయి. ఈ విద్యను చదువుకున్న హకీము కాలేయ రోగిని చూసినప్పుడు ముందు నాడి పట్టి, మూత్రం రంగు, నాలుక, కళ్లు పరిశీలిస్తాడు. నేటి హకీమైతే రక్తపరీక్షల, స్కానింగు నివేదికలను కూడా అడుగుతాడు. ఆ తర్వాత కొవ్వునూ, తీపినీ, తిండి పరిమాణాన్నీ తగ్గించమంటాడు, నడవమంటాడు. కాసిని అనే మొక్క ఆకుల రసాన్నీ, కామంచి ఆకుల రసాన్నీ వేడిచేసి, విరిగిన పచ్చదనాన్ని వడకట్టి, తేరిన నీటిని ఇవ్వడం కాలేయపు వాపుకు యునానీలో ప్రసిద్ధమైన పద్ధతి. కాలేయానికి కొవ్వు పట్టినవారు శరీర బరువులో ఏడు నుంచి పది శాతం తగ్గితే కాలేయపు వాపు కూడా తగ్గుతుందని ఆధునిక వైద్యం గట్టిగా చెబుతున్నది కాబట్టి, ఆహారం, వ్యాయామం మొదటి మెట్లని చెప్పిన పాత క్రమానికి ఇక్కడ బలం చేకూరుతుంది. హెపటైటిస్ సి ఉన్నట్టు తేలితే ఎనిమిది నుంచి పన్నెండు వారాల మాత్రలతో వందలో 95 మందికి పైగా నయమవుతున్నప్పుడు, ఆ రోగిని కప్పుల దగ్గర నిలిపి ఉంచడం అన్యాయం. హెపటాలజిస్టు చికిత్స సాగుతుండగా, ఆయనకు తెలిపి, రక్తం గడ్డకట్టే శక్తి, ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ సరిగా ఉన్నాయని చూసుకున్న తర్వాత, భుజాల బిగువుకో, ఒళ్లు బరువుకో, లేదా తన విశ్వాసం కోరిన సున్నతుగానో (ప్రవక్త ఆచరణగానో) హిజామా చేయించుకునే వ్యక్తికి ఆ సంప్రదాయం నుంచి దక్కవలసిన మేలు దక్కుతుంది. గాటు మానేదాకా ఆ చోట నీరు తగలనివ్వకుండా, ఒకరోజు బరువులెత్తకుండా ఉండి, చీము గానీ జ్వరం గానీ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.