అపొల్లో కొలతలు, క్రీస్తు ముఖం: డ్యూరర్ ముఖ జ్యామితిపై ఒక పరిశీలన

జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1500లో గీసుకున్న స్వీయచిత్రాన్ని (మ్యూనిక్, ఆల్టె పినకోథెక్) మొదటిసారి చూసినవారు క్రీస్తు చిత్రమనే అనుకుంటారు. నేరుగా మనవైపు తిరిగిన ముఖం, ఇరు భుజాలపై సమంగా జారిన జుట్టు. ఆనాడు అటువంటి రూపం దాదాపు క్రీస్తు చిత్రాలకే ప్రత్యేకం. దీనిని అహంకారమన్నవారున్నారు, క్రీస్తును అనుకరించే భక్తి అన్నవారూ ఉన్నారు. అంతకన్న ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. ప్రభువు ముఖానికి కొలత ఎక్కడిది?

డ్యూరరే దీనికి జవాబిచ్చాడు. పూర్వులు అపొల్లో విగ్రహానికి వాడిన కొలతలనే క్రీస్తుకు వాడాలని 1512-13 ప్రాంతపు రాతప్రతిలో ప్రతిపాదించాడు. ఈ కొలతల విషయంలో ఆయనకు గురువు రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్. గడ్డం నుండి ముక్కు అడుగు వరకు ఒక భాగం, అక్కడి నుండి కనుబొమల మధ్యకు ఒకటి, నుదురు ఒకటి, మూడూ సమానం. బొమ్మ గీసేవానికి ఇది ఎంతో ఉపయోగకరం. కాని యెషయా 53:2 ప్రకారం బాధననుభవించే సేవకునికి సొగసు లేదు. కీర్తన 45:2ను బట్టి ఆయన సుందరుడనే వాదమూ ఉంది. సంఘపితరులలో రెండు పక్షాలవారూ ఉన్నారు. అయినా ఆ సౌందర్యానికి గ్రీకు విగ్రహం కొలబద్ద అని ఏ వచనమూ చెప్పదు. డ్యూరర్ వాదంలోని లోపం ఇదే. పడమటి నుండి వచ్చి మన ఇళ్ళ క్యాలెండర్లకెక్కిన క్రీస్తు పటాలలో, ఆ సన్నని పొడవాటి ముక్కులో, ఈ కొలబద్ద ఛాయ నేటికీ కనిపిస్తుంది.

అయితే డ్యూరర్ అక్కడే ఆగిపోలేదు. ఆయన మరణించిన 1528లోనే అచ్చయిన మానవ దేహ ప్రమాణాల గ్రంథంలో ఆదర్శ కొలత ఒక్కటే కాదు, అనేకం. నాలుగు భాగాల ఈ గ్రంథంలో మూడవ భాగం అన్నిటికన్న ఆసక్తికరం. ముఖాన్ని గళ్ళలో గీసి, గీతలను దగ్గరకో దూరానికో జరుపుతాడు. నుదురు కుంచించుకుపోతుంది, ముక్కు సాగుతుంది, గడ్డం ముందుకొస్తుంది. అన్నీ సంతలో ఎదురయ్యే ముఖాలే. సంపూర్ణ సౌందర్యం దేవునికే తెలుసునని కూడా ఆయన ఒప్పుకున్నాడు. నా దృష్టిలో 1500 నాటి చిత్రం కన్న ఈ గళ్ళ బొమ్మలే ఆదికాండము 1:27కు దగ్గరగా ఉన్నాయి.

ముఖపు కొలత చిత్రకారుని చేతి నుండి అధికారి చేతికి పోతే ఏమవుతుందో మన దేశం చూసింది. 1901 జనగణన కమిషనర్ హెర్బర్ట్ రిజ్లీ ముక్కు వెడల్పును పొడవుతో పోల్చి, వెడల్పు పెరిగేకొద్దీ కులస్థాయి తగ్గుతుందని వాదించాడు. డ్యూరర్ దీనికి బాధ్యుడు కాడు. కాని ఒకే కొలతను శ్రేష్ఠమనుకునే అలవాటు రెండుచోట్లా ఒకటే. 1948లో డాక్టర్ అంబేద్కర్ 'ది అన్‌టచబుల్స్'లో ఆ కోవకు చెందిన ముక్కు కొలతలనే తీసుకుని, బ్రాహ్మణులూ అంటరానివారూ వేర్వేరు జాతులనే సిద్ధాంతం నిలవదని చూపారు.