దత్తాంశ పాత్రికేయ సదస్సులు - నెల్లూరు తీరం: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

గణాంకాలను సేకరించి, విశ్లేషించి, వాటి ఆధారంగా వార్తాకథనాన్ని నిర్మించే పద్ధతి దత్తాంశ పాత్రికేయం. ఫిలిప్ మేయర్ 1973లో వెలువరించిన 'ప్రెసిషన్ జర్నలిజం' దీనికి సిద్ధాంత భూమికను ఏర్పరచింది. 1989లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో మొదలై, తర్వాత 'నైకార్'గా పేరొందిన సంస్థ సదస్సులు దీనికొక వృత్తి సమాజాన్ని సమకూర్చాయి. పోటీ పత్రికల వారు ఒకచోట కూర్చొని విశ్లేషణ పద్ధతులను పరస్పరం నేర్పుకోవడం ఆ సమాజపు ప్రధాన లక్షణం. తెలుగులో హైదరాబాదు కేంద్రంగా 'ఫ్యాక్ట్‌లీ' ప్రభుత్వ గణాంకాలపై కథనాలు వెలువరిస్తోంది. ఈ సదస్సుల నమూనా నెల్లూరు తీరానికి ఎంతవరకు వర్తిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పట్టికకు ముందున్న ప్రశ్న

సదస్సులలో శిక్షణ ఎక్కువగా సిద్ధంగా ఉన్న పట్టికతో మొదలవుతుంది. నెల్లూరు తీరంలో పట్టికే వివాదాంశం. ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పు పులికాట్ సరస్సుకు 1000 మీటర్ల లోపు రొయ్యల సాగును నిషేధించింది. ఆ దూరాన్ని సరస్సు ఏ అంచు నుంచి కొలవాలో తేలనిదే ఒక చెరువు నిషిద్ధ పరిధిలో ఉందో లేదో చెప్పలేం. నమోదు కాని చెరువు అసలు పట్టికలోనే కనిపించదు. పట్టికను మాత్రమే నమ్మిన విలేకరి ఉల్లంఘన లేదని రాసే ప్రమాదం ఉంది.

జిల్లా సరిహద్దుల మార్పు మరొక చిక్కు. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో సూళ్లూరుపేట, వెంకటగిరి ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. కందుకూరు ప్రాంతం నెల్లూరులో చేరింది. దీన్ని గమనించకుండా 2021, 2023 గణాంకాలను పోల్చితే, భూమి చేతులు మారడమే ఉత్పత్తిలో హెచ్చుతగ్గులుగా కనిపిస్తుంది.

3. పరిభాష

'సగటు' అన్న మాట కూడా పరిశీలించదగినదే. ఒక పాలెంలో ఐదు కుటుంబాల నెలసరి ఆదాయం వరుసగా 8, 8, 10, 12, 62 వేల రూపాయలు అనుకుందాం. అంకమధ్యమం 20 వేలు. మధ్యగతం 10 వేలు. మొదటి అంకెను శీర్షికలో పెడితే నాలుగు కుటుంబాల పేదరికం మరుగున పడుతుంది. ఈ పదాలు తెలుగు పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి; వార్తాభాషలోకి రావలసి ఉంది.

4. స్థానిక పూర్వరూపం

1990వ దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమం దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటానికి ప్రేరణ అయింది. కూలి డబ్బులో సారాకు ఎంత పోతోంది, ఇంటికి ఎంత మిగులుతోంది అన్న ఇంటి లెక్క అక్కడ రాజకీయ ప్రశ్నగా మారింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. లెక్కను అనుభవించిన వారే లెక్కను చెప్పడం ఈ ఉద్యమం ఇచ్చే పాఠం. నిపుణులకే పరిమితమైన సదస్సులలో ఈ కోణం కొరవడుతుంది.

5. ఉపసంహారం

పరస్పర శిక్షణ, పద్ధతుల పారదర్శకత ఆ సదస్సుల నుంచి స్వీకరించదగినవి. అయితే తెలుగులో అలాంటి వేదిక ఏర్పడితే మండల స్థాయి విలేకరులకు, మత్స్యకారులకు అందులో స్థానం ఉండాలి. పట్టికలో ఏముందో చదవడంతో పాటు, అందులో ఎవరు లేరో అడగడం కూడా నేర్పాలి. లేనిపక్షంలో దత్తాంశ పాత్రికేయం అధికారిక లెక్కలకు అందమైన పటాలు గీసే పనిగానే మిగులుతుంది.